కోల్డిట్జ్ నుంచి ఇల్లు చేరినవాడు





ఈసారి ఉత్తరమంతా ఒక్క టీవీ ఎపిసోడ్ గురించే. గంట కూడా ఉండదు, యాభై ఏళ్లు దాటిన పాతది. కానీ చెర గురించి, తప్పించుకోవడం గురించి టీవీలో వచ్చినవాటిలో నాకు ఇంతకంటే గొప్పది కనబడలేదు. ముగింపు చెప్పకుండా దీని గురించి రాయడం కుదరదు. ముందు చూడాలనుకునేవారు ఉత్తరాన్ని ఇక్కడే మడిచి పక్కన పెట్టండి. చూశాక చదవండి, తొందరేం లేదు.

సీరియల్ పేరు ‘కోల్డిట్జ్’. బీబీసీలో 1972 అక్టోబరులో మొదలై 1974 ఏప్రిల్ దాకా వచ్చింది. రెండు విడతల్లో మొత్తం 28 ఎపిసోడ్లు. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో, ముల్డె నది ఒడ్డున, కొండమీద నిలబడ్డ కోట కోల్డిట్జ్. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు దాన్ని పట్టుబడ్డ శత్రు సైన్యాల అధికారుల చెరసాలగా మార్చారు. వేరే శిబిరాల నుంచి పారిపోయి పట్టుబడ్డవాళ్లను, బాగా తలనొప్పి తెప్పించేవాళ్లను ఏరి ఏరి ఇక్కడికి తెచ్చారు. ఇక్కణ్నుంచి ఎవరూ బయటపడలేరని వాళ్ల ధీమా. పారిపోవడంలో ఆరితేరినవాళ్లందరినీ ఒక్కచోటికి చేరిస్తే ఏమవుతుందో తర్వాత తెలిసొచ్చింది.

ఆ కథలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. ఎయిరీ నీవ్ అనే బ్రిటిష్ అధికారి 1942 జనవరిలో డచ్ అధికారి టోనీ లూటైన్‌తో కలిసి జర్మన్ అధికారుల దుస్తుల్లో నడుచుకుంటూ బయటికి వెళ్లి స్విట్జర్లాండ్ చేరాడు. అదే ఏడాది అక్టోబరులో పాట్ రీడ్ అనే మరో బ్రిటిష్ అధికారి, ఇంకో ముగ్గురు వెళ్లిపోయారు. యుద్ధం చివర్లో అటకమీద చెక్కముక్కలతో, పక్కల గుడ్డతో ఏకంగా ఒక గ్లైడరే కట్టారు. అది ఎగిరే అవసరం రాకముందే, 1945 ఏప్రిల్ 16న అమెరికన్ సైన్యం కోటను విడిపించింది. పాట్ రీడ్ రాసిన పుస్తకమే 1955లో సినిమా అయింది. ఈ సీరియల్‌కీ ఆయనే సాంకేతిక సలహాదారు. సొరంగాలు, దొంగ తాళంచెవులు, కుట్టిన యూనిఫాంలు, నకిలీ కాగితాలు సీరియల్లో దండిగా ఉన్నాయి. డేవిడ్ మెకల్లమ్, రాబర్ట్ వాగ్నర్, ఎడ్వర్డ్ హార్డ్‌విక్, జాక్ హెడ్లీ వంటి మంచి నటులు ఉన్నారు. జర్మన్ కమాండెంట్‌గా వేసిన బెర్నార్డ్ హెప్టన్ ఆ పాత్రను విలన్‌ని చేయలేదు. నియమం పాటించాలనుకునే పాతకాలపు సైనికుడిగా నిలబెట్టాడు.

నేను చెప్పేది మొదటి విడతలోని ‘ట్వీడిల్‌డమ్’ అనే ఎపిసోడ్. రాసింది జాన్ బ్రేసన్. లూయిస్ కారల్ ఆలిస్ కథలో ఒకరిలా ఒకరుండే ట్వీడిల్‌డమ్, ట్వీడిల్‌డీ అనే జంట ఉంటుంది. ఆ జంటలో ఒక్కడి పేరే ఇక్కడ మిగిలింది.

ఇందులో సొరంగం లేదు. తాడు లేదు. మైఖేల్ బ్రయంట్ వేసిన వింగ్ కమాండర్ మార్ష్ అనే అధికారి ఉంటాడు. కోటలోని బ్రిటిష్ డాక్టరుకి సాయంగా పనిచేస్తుంటాడు, మానసిక రోగాల గురించి బాగా తెలుసు. గోడ దూకకుండా, తలుపులోంచే, జర్మన్లే సంతకం పెట్టి పంపేలా వెళ్లిపోవడం అతని ఆలోచన. పిచ్చివాడిగా నటిస్తాడు.

ఇది గాలిలో మేడ కాదు. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం తీవ్రంగా జబ్బుపడ్డ, గాయపడ్డ యుద్ధఖైదీలను స్వదేశానికి పంపేయాలి. ఎవరు అర్హులో తేల్చడానికి ముగ్గురు వైద్యుల సంఘం ఉండేది. ఇద్దరు తటస్థ దేశాల వాళ్లు, ఒకరు ఖైదు చేసిన దేశం తరఫున. కాలు తెగినవాడినీ క్షయ ముదిరినవాడినీ చూడగానే తెలుస్తుంది. మతి తప్పినవాణ్ని తేల్చడం అంత తేలిక కాదు. అందుకే అక్కడ మోసానికి చోటుంది, అందుకే అక్కడ అనుమానమూ ఎక్కువ.

ఈ పథకంలో భయపెట్టేది ఏమిటో ఎపిసోడ్ నెమ్మదిగా తెలియజేస్తుంది. సొరంగం తవ్వేవాడు రాత్రి తవ్వి పగలు మామూలు మనిషిలా ఉంటాడు. గుర్తింపు కాగితాలు తయారుచేసేవాడు సిరా కడుక్కుని భోజనానికి వస్తాడు. మార్ష్‌కి అలాంటి విరామం లేదు. పరీక్షకి వచ్చిన డాక్టరు ముందు పది నిమిషాలు వేషం కట్టి సరిపెట్టుకోలేడు. నిద్రలో, భోజనంలో, సొంత మనుషుల మధ్యా అదే వేషంలో ఉండాలి. ఎవరు ఎప్పుడు చూస్తారో తెలియదు కాబట్టి ఎవరూ చూడని క్షణమంటూ ఉండదు. మిగతావాళ్లు తప్పించుకోవడానికి చేత్తో పనిచేశారు, కాళ్లతో పనిచేశారు. మార్ష్ తన మనసునే పనిముట్టుగా వాడాడు.

మామూలు నాటకమైతే ఇక్కడ నవ్వులాట మొదలవ్వాలి. మన సినిమాల్లో ఎన్నిసార్లు చూశాం! హీరో పిచ్చి నటిస్తాడు, డాక్టర్లు వెర్రిమొహాలు వేస్తారు, థియేటరంతా నవ్వులు. ‘ట్వీడిల్‌డమ్’ మొదట్లో అలాంటి నవ్వు కొంత రానిస్తుంది. మార్ష్ చేష్టలు చూస్తే నిజంగానే నవ్వొస్తుంది. తర్వాత ఆ నవ్వు ఎక్కడో ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో చూస్తున్నప్పుడు మనకే తెలియదు. అది బ్రయంట్ గొప్పతనం. లండన్ రంగస్థలం మీద పేరున్న నటుడతను, తర్వాత ఏళ్ల తరబడి నేషనల్ థియేటర్‌లో పనిచేశాడు. పిచ్చివాడి వేషం దొరికిన నటుడు సాధారణంగా అరుస్తాడు, కళ్లు తిప్పుతాడు, తన ప్రతాపం చూపిస్తాడు. బ్రయంట్ అందుకు ఎదురు వెళ్లాడు. మొదట్లో నటన కనబడేలా నటించాడు, పోనుపోను నటన కనబడకుండా చేశాడు. ఎపిసోడ్ సగానికి వచ్చేసరికి ఆ కళ్లలో మనం వెతికేది ‘లోపలి మార్ష్’ని. ఒక్క సైగ, ఒక్క కనురెప్ప. అది దొరకదు.

ఇక హార్ట్‌విగ్. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇతనే.

మార్ష్ నిజంగా జబ్బుపడ్డాడా, నాటకమాడుతున్నాడా అన్నది జర్మన్లకు తేలడం లేదు. దాంతో ఒక కార్పొరల్‌ని అతని మీద కాపలా పెడతారు. పేరు హార్ట్‌విగ్, వేసింది బెర్నార్డ్ కే. ఇతన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇతని తమ్ముడో అన్నో మతిస్థిమితం కోల్పోయినవాడు. అసలు జబ్బు ఎలా ఉంటుందో పుస్తకంలో చదివిన డాక్టర్ కంటే, ఇంట్లో చూసినవాడికి బాగా తెలుస్తుందని వాళ్ల లెక్క. ఆ లెక్క సరైనదే. సొంత మనిషి మతి తప్పడాన్ని చూసినవాడు ఆ రోగి ముఖంలోని చిన్న కదలికను కూడా గుర్తుపడతాడు. వేషమైతే అది అతని నెత్తుటి బంధాన్ని వెక్కిరించినట్టవుతుంది. అలాంటివాణ్ని మోసం చేయగలిగితే ప్రపంచంలో ఎవర్నైనా మోసం చేయొచ్చు.

ఇక్కడ కోట చరిత్ర కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఈ కథ ఆ గోడల మధ్య జరగడంలో ఇంకో బరువుంది. కోల్డిట్జ్ కోట 1829 నుంచి 1924 దాకా మానసిక రోగుల ఆసుపత్రిగా ఉండేది. దాదాపు వందేళ్లు. బాగుపడరని తేల్చిన రోగులను అక్కడికి పంపేవారు. ప్రఖ్యాత సంగీతకారుడు రాబర్ట్ షూమన్ కొడుకు లుడ్విగ్‌ని యువకుడిగా ఉండగానే అక్కడ చేర్చారు. 1899లో ప్రాణం పోయేదాకా ఆ గోడల మధ్యే ఉన్నాడు. తండ్రి షూమన్ కూడా అంతకు ముందే, 1856లో, మానసిక చికిత్సాలయంలోనే చనిపోయాడు. మార్ష్ పిచ్చి నటించింది నిజంగా ఒక తరం తర్వాత ఒక తరం పిచ్చితో బతికిన గదుల్లో.

ఇంకా దగ్గరి చరిత్ర ఇంకా భయంకరం. నాజీలు మానసిక రోగులను బతకడానికి అర్హత లేనివాళ్లుగా ముద్రవేశారు. 1940, 1941 సంవత్సరాల్లో అదే సాక్సనీలో, పిర్నా దగ్గరి సోనెన్‌స్టైన్ అనే చోట, 13 వేలకు పైగా రోగులను, వికలాంగులను విషవాయువుతో చంపారు. అక్కడ కూడా ముందు ఉన్నది ఆసుపత్రే. ఇప్పుడు హార్ట్‌విగ్ వైపు మళ్లీ చూడండి. యూనిఫాం వేసుకున్న ఆ జర్మన్ కార్పొరల్ ఇంట్లో ఒక మానసిక రోగి ఉన్నాడు. ఆ రోజుల్లో ఆ దేశంలో అలాంటి కుటుంబానికి ఆ రహస్యం ఎంత ప్రమాదమో, ఎంత దుఃఖమో తెలిసినవాడికి, హార్ట్‌విగ్ మార్ష్‌ని చూసే చూపు మామూలు కాపలా చూపులా అనిపించదు. అతను ఖైదీని గమనిస్తున్నట్టు మొదలుపెడతాడు. కొంతకాలానికి రోగిని చూసుకుంటున్నట్టుగా మారతాడు. రెంటికీ మధ్య గీత కనపడకుండా బెర్నార్డ్ కే దాటాడు. ఇద్దరు నటులు, పెద్దగా మాటలు లేకుండా, ఇంతటి పని చేయడం టీవీలో అరుదు.

చివరికి మార్ష్ గెలుస్తాడు. అతన్ని స్వదేశానికి పంపుతారు. కోటలో మిత్రులు సంబరపడతారు. ఒక్క గోడకి కూడా గీత పడకుండా, ఒక్క తూటా పేలకుండా ఒక మనిషి ఇంగ్లండ్ చేరాడు. కోల్డిట్జ్ చరిత్రలో ఇంతకంటే శుభ్రంగా తప్పించుకున్నది ఎవరు?

తర్వాత ఇంగ్లండ్ నుంచి ఉత్తరం వస్తుంది. మార్ష్‌కి మతి నిజంగానే పోయింది. మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు, కోలుకుంటాడన్న ఆశ పెద్దగా లేదు.

ఇంతే. సంగీతం పెంచి ఏడిపించదు, ఎవరూ ఉపన్యాసం చెప్పరు.

మొదటిసారి చూసినప్పుడు ఇది ఒక తెలివైన మలుపు అనిపించవచ్చు. అలా వదిలేస్తే రచయితకి అన్యాయం చేసినట్టే. నటిస్తే పిచ్చి వచ్చేస్తుందని ఈ ఎపిసోడ్ చెప్పడం లేదు. వైద్యం తెలిసినవారెవరూ అలా ఒప్పుకోరు. చెరలో ఉండటమే మనిషిని ఎంతగా పిండేస్తుందో చెబుతూ, మొదటి ప్రపంచ యుద్ధంలో ఖైదీల శిబిరాలు తిరిగిన స్విస్ వైద్యుడు విషర్ ఒక పుస్తకమే రాశాడు. ముళ్లతీగ చాటున నెలలు, ఏళ్లు బతికేవాళ్లకు వచ్చే చికాకు, మతిమరుపు, నిద్రలేమి, ఎవరినీ భరించలేకపోవడం, వీటన్నిటికీ కలిపి ‘ముళ్లతీగ జబ్బు’ అని పేరు పెట్టాడు. కోల్డిట్జ్‌లోనూ నిజంగా మనసు చెదిరిన ఖైదీలు ఉన్నారు. అలాంటి చోట ఒక మనిషి, తనను నిలబెట్టే మామూలు మాటను, స్నేహితుల పలకరింపును, తనతో తాను ఉండే నిమిషాన్ని కూడా తనంతట తాను వదులుకుంటే ఏమవుతుంది? రచయిత అడిగింది అది. చెరలో మిగిలిన ఒక్క ఆస్తిని మార్ష్ టికెట్ డబ్బుగా ఖర్చుపెట్టాడు.

నిజంలో ఇలా జరిగిందా అని మీరు అడుగుతారు. మార్ష్ కల్పిత పాత్ర. కానీ చుట్టుపక్కల నిజాలున్నాయి. అయన్ ఫెర్గసన్ అనే సైనిక వైద్యుడు కోల్డిట్జ్‌లో ఖైదీగా ఉండి, అక్కణ్నుంచి వేరే శిబిరానికి మారాడు. అక్కడ కొందరు ఖైదీలకు మతి తప్పిందని ధ్రువపత్రాలు ఇచ్చి స్వదేశానికి పంపించాడు. తర్వాత తనకే మతి తప్పిందని జర్మన్లను నమ్మించి 1945లో తానూ వెళ్లిపోయాడు. ఆయన క్షేమంగా ఇల్లు చేరి ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు.

అంతకంటే విచిత్రమైనది మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. అందులో మన వైపు ముడి కూడా ఉంది. ఈ.హెచ్. జోన్స్ అనే ఆయన ఇండియన్ సివిల్ సర్వీసులో బర్మాలో పనిచేసేవాడు. యుద్ధంలో చేరి, భారతీయ సైనికులు వేలమంది తిండిలేక అల్లాడిన మెసొపొటేమియాలోని కుట్ ముట్టడిలో ఇరుక్కుని, 1916 ఏప్రిల్‌లో తుర్కుల చేతికి చిక్కాడు. తుర్కీలోని యోజ్‌గాడ్ ఖైదీల శిబిరంలో సి.డబ్ల్యూ. హిల్ అనే ఆస్ట్రేలియన్ పైలట్‌తో కలిసి, ఆత్మలతో మాట్లాడుతున్నామని చెప్పి శిబిరం కమాండెంట్‌ని నిధి వేటలోకి దించారు. అదీ చాలక ఇద్దరూ పిచ్చి నటించారు. జోన్స్ ఇంగ్లీషువాళ్లంతా తనను చంపాలని చూస్తున్నారన్నాడు, హిల్ రాత్రింబవళ్లు బైబిల్ చదువుతూ కూర్చున్నాడు. దారిలో ఉరి వేసుకున్నట్టు నటించబోయి నిజంగానే చావు అంచుకి వెళ్లొచ్చారు. ఇస్తాంబుల్ ఆసుపత్రిలో నెలల తరబడి డాక్టర్ల కళ్ల ముందు ఆ వేషం వదల్లేదు. హిల్ తిండి మాని చిక్కి శల్యమయ్యాడు. చివరికి నమ్మించారు. తీరా చూస్తే, యుద్ధం ముగిసి అందరికీ విడుదల దొరికిన దానికి కొద్దిరోజులే ముందు వాళ్లు బయటపడ్డారు. జోన్స్ మతి చెడలేదు. 1919లో వచ్చిన ‘ద రోడ్ టు ఎన్‌డార్’ అనే ఆయన పుస్తకం ఇప్పటికీ అచ్చులో ఉంది. కానీ ఆయన రాసిన ఆ ఆసుపత్రి అధ్యాయాలు చదివితే, ఇద్దరు మనుషులు ఒకరికొకరు తోడుండటం వల్లే బతికారని అర్థమవుతుంది. మార్ష్‌కి ఆ తోడు లేదు.

కోల్డిట్జ్ గురించి రాస్తూ బీరేంద్రనాథ్ మజుందార్ పేరు చెప్పకపోతే తప్పు. గయలో పుట్టి, లండన్‌లో చదివిన డాక్టర్, బ్రిటిష్ సైన్యపు వైద్య విభాగంలో కెప్టెన్. 1940లో ఫ్రాన్స్‌లో పట్టుబడ్డాడు. కోల్డిట్జ్‌లో ఉన్న ఒకే ఒక్క భారతీయుడు. తోటి అధికారులు ఆయనకు ‘జంబో’ అని పేరు పెట్టారు, జర్మన్ల గూఢచారేమోనని అనుమానించారు. బెర్లిన్‌లో సుభాష్ చంద్రబోస్‌ని కలిసి, ఆయనతో చేరమంటే, సైనికుడిగా చేసిన ప్రమాణం తప్పనని చెప్పి వచ్చిన మనిషినే అలా అనుమానించారు. పారిపోయే బృందాల్లోకి ఆయన్ని రానివ్వలేదు. ఆ ఒంటి రంగుతో జర్మనీ దాటలేవన్నారు. అప్పుడు మజుందార్ గాంధీగారి దారిలో నిరాహారదీక్ష పట్టాడు. భారతీయ ఖైదీలున్న శిబిరానికి పంపమని కోరాడు. జర్మన్లు దిగివచ్చి ఫ్రాన్స్‌లోని శిబిరానికి పంపారు. అక్కణ్నుంచి తప్పించుకుని, ఫ్రాన్స్ మీదుగా కాలినడకన స్విట్జర్లాండ్ చేరాడు.

మార్ష్ మనసుని వాడుకుంటే మజుందార్ శరీరాన్ని వాడుకున్నాడు. ఇద్దరూ వైద్యం తెలిసినవాళ్లే. చేతిలో పార లేనివాడికి మిగిలేది తన ఒళ్లే, తన బుర్రే. ఒకరిది కల్పన, ఒకరిది చరిత్ర. చరిత్రలోని మనిషికి సీరియల్ ప్రధాన పాత్రల్లో చోటు దొరకలేదు. ఆయన కథని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. బెన్ మెకిన్‌టైర్ 2022లో కోల్డిట్జ్ మీద తెచ్చిన పుస్తకంలో మజుందార్‌కి దక్కాల్సిన చోటు దక్కింది. ఎవరైనా ఆయన మీద తెలుగులో వివరంగా రాస్తే ముందుగా చదివేది నేనే.

మళ్లీ మన ఎపిసోడ్ దగ్గరికి. మానసిక రోగాన్ని ఇంత గౌరవంగా చూపించిన కథ, అదీ యుద్ధఖైదీల సాహసగాథల మధ్య, ఉందని నేను అనుకోలేదు. మన దగ్గర ఇప్పటికీ ఎవరినైనా ఎగతాళి చేయాలంటే హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డ’ అంటాం. అక్కడి మానసిక వైద్యశాలలో రోజూ వందలాది కుటుంబాలు తమ అన్ననో, తల్లినో, కూతురినో వెంటబెట్టుకుని వరుసలో నిలబడతాయి. ఆ వరుసలో నిలబడ్డవాళ్లకు హార్ట్‌విగ్ ఎవరో వివరించి చెప్పనక్కర్లేదు.

అందుకే ఈ ఎపిసోడ్‌ని రెండుసార్లు చూడమని నా మనవి. మొదటిసారి అందరూ మార్ష్‌నే చూస్తారు, అది సహజం. రెండోసారి హార్ట్‌విగ్‌నే చూడండి. కథ నడుస్తున్నంతసేపు మనం అతన్ని మోసపోతున్నవాడిగా చూస్తాం. ఉత్తరం వచ్చాక లెక్కంతా మారుతుంది. మార్ష్ నటన జబ్బుగా ఎప్పుడు మారిందో ఎవరికీ తెలియదు. స్నేహితులకు తెలియదు, డాక్టరుకి తెలియదు, బహుశా మార్ష్‌కీ తెలియదు. అలాంటప్పుడు ఇతను నిజంగా జబ్బు మనిషేనని గుర్తించిన హార్ట్‌విగ్ ఎప్పుడు మోసపోయినట్టు? ఏ రోజు దాకా? మార్ష్ సొంత మనుషులంతా నాటకం బాగా సాగుతోందని మెచ్చుకుంటున్న రోజుల్లో, ఆ కోటలో అతన్ని రోగిగా చూసుకున్నది శత్రుపక్షం మనిషి ఒక్కడే.

సీరియల్ రెండు విడతలూ డీవీడీలుగా వచ్చాయి. ‘ట్వీడిల్‌డమ్’ విడిగా చూసినా అర్థమవుతుంది, ముందు ఎపిసోడ్లు తప్పనిసరి కాదు. పిల్లలతో చూసేవారు ముందు మీరొకసారి చూసుకోండి. రక్తం ఎక్కడా ఉండదు గానీ చివరి ఘట్టం బరువైనది.

నా తీర్పు అయితే హార్ట్‌విగ్ మోసపోలేదన్నదే. మీరు చూసి, ఒప్పుకుంటారో లేదో నాకు రాయండి. ఇంట్లో అలాంటి మనిషిని చూసుకుంటున్నవారు రాస్తే, ఆ ఉత్తరాలను అందరికంటే ముందు చదువుతాను. పేరు వేయొద్దంటే వేయను.

మీ
సంపాదకుడు